షెడ్డు కుక్కలకు ఇళ్లు వెతికిన ముప్పై తొమ్మిది రోజులు

2016 ఫిబ్రవరి 9, మంగళవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలకు ఈ పని నా మీద పడింది. అప్పుడు నేను చీపురుపల్లికి దగ్గర్లోని ఒక పశువైద్యశాలలో సహాయ సంచాలకురాలిని. అంటే ఆ ఆసుపత్రికి పెద్ద డాక్టరుని, చుట్టుపక్కల చిన్న వైద్యశాలల మీద అజమాయిషీ కూడా నాదే. ఉద్యోగంలో చేరి అప్పటికి 31 ఏళ్లు. ఆ 31 ఏళ్లూ ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలతో గడిచాయి. కుక్కలు వచ్చేవి గాని, టీకా వేయించుకుని వెళ్లిపోయేవి.

ఆ ఉదయం ఎస్సై ఫోన్ చేసి, ఒక జీడిమామిడి తోటలో కుక్కల షెడ్డు ఉందని, ఫిర్యాదు వచ్చిందని, పంచనామాకు పశువైద్యుల సంతకం కావాలని చెప్పారు. అటెండరు అప్పలసూరిని వెంటబెట్టుకుని 11 గంటల 25 నిమిషాలకు అక్కడికి చేరాను. రేకుల షెడ్డు. ఇనుప వల గదులు పదకొండు, వాటిలో కుక్కలు ఇరవై ఒకటి. పిల్లలను కని పెంచి అమ్మడం అక్కడి వ్యాపారం. గిరాకీ తగ్గాక యజమాని రావడం మానేశాడు. కాపలాదారు రోజు విడిచి రోజు ఉడకేసిన నూకలు పోసి పోయేవాడు. నీళ్ల తొట్టిలో నాచు పట్టింది. అన్నిటికీ రక్తం పీల్చే గోమార్లు, పదమూడింటికి గజ్జి. అప్పలసూరి ముక్కుకు తువ్వాలు కట్టుకుని, "ఓలమ్మ, ఇవి కుక్కలా, ఎముకల మూటలా అమ్మగోరూ!" అన్నాడు. నేను ఒక్కొక్కదానికి నంబరు వేసి, బరువు, వయసు, జబ్బు రాసుకున్నాను. ఆ రాత మధ్యాహ్నం 3 గంటల వరకు పట్టింది.

రెండు నెలల పిల్లలు రెండు బతకలేదు. ఒకటి 10వ తేదీన, ఒకటి 11వ తేదీన పోయాయి. మిగిలినవి పందొమ్మిది.

12వ తేదీ శుక్రవారం కోర్టు ఈ పందొమ్మిదింటినీ తాత్కాలికంగా నా సంరక్షణకు అప్పగించింది. కేసు తేలేవరకు అవి కేసు సొత్తు, పట్టుబడిన బండి ఎలాగో ఇవీ అలాగే. నా పేరున రసీదు రాయించుకున్నారు. యజమాని తన కుక్కలు తనకు ఇప్పించమని అప్పటికే అర్జీ పెట్టుకున్నాడు. విచారణ మార్చి 18కి వేశారు. ఆ రోజుకు ఏ కుక్కకు ఇల్లు ఉందని నేను చూపించగలనో అది అక్కడే ఉంటుంది. చూపించలేనిది యజమాని పూచీ మీద అతని దగ్గరికే పోతుంది. నాకున్న గడువు ఫిబ్రవరి 9 నుంచి లెక్కేస్తే ముప్పై తొమ్మిది రోజులు. ఆ ఏడు ఫిబ్రవరికి 29 రోజులు.

ఆసుపత్రిలో కుక్కలను ఉంచే చోటు లేదు. ఎద్దులను నిలబెట్టి చూసే షెడ్డుకు చుట్టూ వల కట్టించి అందులో పెట్టాను. ఒకే చోట అన్నీ ఉంటే గజ్జి తగ్గదు. కాబట్టి వెంటనే ఇళ్లకు చేర్చాలి. ముందు సంరక్షణకు ఇవ్వడం, కేసు తేలాక వాళ్లకిష్టమైతే శాశ్వతంగా పెంపకానికి ఇవ్వడం అని పద్ధతి పెట్టుకున్నాను.

దానికి ఒక ఒప్పంద పత్రం తయారు చేశాను. షరతులు ఏడు. గొలుసుతో 24 గంటలూ కట్టకూడదు, పది రోజులకొకసారి నేను తనిఖీకి వస్తాను, ఇలాంటివి. మూడో షరతు ఇక్కడ పూర్తిగా రాయాలి: "ఈ కార్యాలయపు రాతపూర్వక అనుమతి లేకుండా కుక్కను ఊరి పొలిమేర దాటించరాదు, మరెవరి చేతా వైద్యం చేయించరాదు." దీనికి నా దగ్గర కారణాలున్నాయి. కేసు సొత్తును ఎవరైనా అమ్ముకుంటే కోర్టుకు జవాబు చెప్పాల్సింది నేను. మా వైపు ఊళ్లలో సూది మందు తెలిసిన ప్రతివాడూ డాక్టరే. గేదెకు వేసే మోతాదు కుక్కకు వేసి చంపిన సంగతులు నేను మూడు చూశాను. అందుకని ఆ షరతు కింద గీత కూడా గీశాను.

మాది మిషన్ కాంపౌండులో పెరిగిన బాప్టిస్టు కుటుంబం. 14వ తేదీ ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో రెండు నిమిషాలు మాట్లాడతానని పాస్టరుగారిని అడిగాను. ఆయన నవ్వి, "మన సంఘంలో నలుగురు కుర్రోళ్లున్నారు, సంబంధాలు సూడండమ్మా అని రెండేళ్లబట్టీ అంతన్నాను. మీరు కుక్కలకి సూస్తన్నారేటి?" అన్నారు. కుర్రాళ్లకు కోర్టు గడువు లేదని చెప్పాను. మాట్లాడనిచ్చారు. ఆ ఆదివారం ఆరు కుటుంబాలు, మరుసటి ఆదివారం రెండు ముందుకు వచ్చాయి. మిగతావి మా పశువుల రైతులు, ఒక హైస్కూలు మాస్టారు, విజయనగరంలో ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు తీసుకున్నారు.

తెల్లని పొమరేనియన్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. తరవాత పని కష్టమైంది. పందొమ్మిదిలో పద్నాలుగు ఆడవి. ఆడకుక్క అంటే ఎవరికీ వద్దు. ఒక రైతు, "ఆడదైతే ఈదిలో కుక్కలన్నీ మా గుమ్మం కాడే కూకుంటాయి, మాకు దారేదండీ?" అన్నాడు. సంఘంలో ఒక పెద్దావిడ, "మా ఇంట్లో ఇప్పటికే అత్తా కోడలు ఆడబిడ్డ ముగ్గురం. నాలుగోది కూడానా?" అని చేతులు జోడించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి ఇస్తానంటే కొందరు మెత్తబడ్డారు. రక్తం తగినంత ఉన్న తొమ్మిదింటికి చేశాను. మిగిలిన అయిదు మత్తుకు తట్టుకోలేవు. వాటిని ముందు తిండిపెట్టి కోలుకోనిచ్చి మార్చిలో చేద్దామని తేదీలు వేశాను.

ఆ అయిదింటిలో ఒకటి పద్నాలుగో నంబరు. ఆల్సేషియన్, వయసు ఏడేళ్ల పైన, బరువు 19 కిలోల 500 గ్రాములు. ఉండాల్సింది 30. ముందు పళ్లు వల కొరికి అరిగిపోయాయి. దాని ఆపరేషను మార్చి 14కు వేశాను. ముసలిది, ఆడది, గజ్జి మచ్చలది. చూడవచ్చినవాళ్లు దాని ముందు ఆగేవారు కాదు.

అప్పలసూరే దారి చూపించాడు. అతని అక్క దాలమ్మ శ్రీకాకుళం అవతల నౌపడలో ఉంటుంది. ఆమె, భర్త గురవయ్య ఉప్పుమడుల్లో పనిచేస్తారు. సీజనులో గట్టు మీద పాకలోనే మకాం. ఫిబ్రవరి 20 శనివారం ఆమె రైల్లో వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఉప్పునీళ్లలో నిలబడి పాదాలు పగిలి తెల్లబడ్డాయి. షెడ్డులోకి వెళ్లి నేరుగా పద్నాలుగో నంబరు దగ్గర గొంతుక్కూర్చుంది. "ఏటే పెద్దమ్మీ, ఎన్ని కాన్పులయ్యాయే నీకు?" అని అడిగింది. అది లేచి వచ్చి ఆమె మోకాలికి తల ఆనించింది. నేను అయిదు ఈతలని రాసుకున్నానని చెప్పాను. "నాకూ అయిదేనండి, ముగ్గురున్నారు" అంది.

పత్రంలోని ఏడు షరతులూ చదివి వినిపించాను. మూడోది రెండుసార్లు చదివాను. ఆమె వేలిముద్ర వేసింది. తరవాత సంచిలోంచి మూటొకటి తీసి నా బల్ల మీద పెట్టింది. ఉప్పు, అయిదు కిలోల దాకా ఉంటుంది. ఎందుకని అడిగితే, "జీవాన్ని ఉట్టినే అట్టుకెల్లకూడదు డాట్రమ్మా. ఏదో ఒకటి సేతిలో ఎట్టి తెచ్చుకోవాల. నేకపోతే అది ఇచ్చినోల్లదే గానీ మనది అవదు" అంది. ప్రభుత్వ ఉద్యోగి పని చేసినందుకు ఏ వస్తువూ తీసుకోకూడదని, మా ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవని చెప్పాను. "ఉప్పేనమ్మా" అంది. "ఉప్పయినా సరే. దీనికోసం నా పింఛను పోగొట్టుకోలేను" అన్నాను. అప్పలసూరి నవ్వాడు గాని ఆమె నవ్వలేదు. మూట తిరిగి సంచిలో పెట్టుకుని, "అయితే మీదేనండి. నాను సూసుకుంతాను" అంది. మర్యాదకు అన్నదనుకున్నాను.

కుక్కను రైల్లో తీసుకువెళ్లాలంటే గార్డు పెట్టెలో చిన్న గది ఉంటుంది, ముందుగా బుక్ చేయాలి. పశువైద్యుల ధ్రువపత్రం ఉంటే ఇబ్బంది ఉండదని అదీ రాసిచ్చాను. స్టేషనులో గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు తిప్పి చూసి గాని రసీదు కొట్టలేదట. నా సంతకం లేకుండా ఆ కుక్క కదలదని దాలమ్మ అక్కడ మరోసారి నేర్చుకుంది.

26వ తేదీ నాటికి పందొమ్మిదికీ ఇళ్లు దొరికాయి. ఈలోగా 23న విజయనగరంలో ఇచ్చిన పొమరేనియన్ ఒకటి గేటు తెరిచి ఉండగా రోడ్డు మీదికి పోయి లారీ కింద పడింది. మిగిలినవి పద్దెనిమిది.

28వ తేదీ ఆదివారం తనిఖీకి నౌపడ వెళ్లాను. పద్నాలుగో నంబరు బరువు 22 కిలోలు. గజ్జి తగ్గింది. ఉప్పుగుట్టల మధ్య గురవయ్య వెనకే తిరుగుతోంది. గురవయ్య, "నా మాట ఇనదండి. దాని మాట నానే ఇంతన్నాను" అని ఫిర్యాదు చేశాడు. దాలమ్మ ఒక్క విషయం చెప్పింది: "నీల్లు మా జోరుగా తాగతన్నాదమ్మా, కుండ కాలీ సేసేస్తన్నాది." ఉప్పుగాలి, ఎండ, బలం వస్తున్న ఒళ్లు అనుకుని అలాగే నమోదు చేశాను. ఆ వయసు ఆడకుక్క అంత నీళ్లు తాగుతోందంటే గర్భసంచిని అనుమానించాలని మా చదువులో రెండో ఏడాదే చెబుతారు. నేను పొట్ట నొక్కి చూడలేదు.

మార్చి 8 మంగళవారం ఉదయం 9 గంటల 20 నిమిషాలకు నేను ఆసుపత్రికి వచ్చేసరికి దాలమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక్కతే. కుక్క లేదు.

"నాలుగు రోజులయింది డాట్రమ్మా. శుక్రారం నుంచి కూడు ముట్టలేదు. ఎనకనుంచి సీము కారతన్నాది. మీ ఆపీసుకి పోను సేసినాను, ఎవులూ ఎత్తలేదు. కాయితం రాసియ్యండి, టెక్కలి అట్టుకుపోతాను" అంది.

శనివారం సాయంత్రం ఆసుపత్రి మూసేశాక ఆమె మొదటిసారి ఫోన్ చేసింది. ఆదివారం రెండుసార్లు. సోమవారం మహాశివరాత్రి, సెలవు. ఆ రోజు నాలుగుసార్లు. పత్రం మీద నేను ఇచ్చింది ఆఫీసు నంబరే. సొంత నంబరు ఇవ్వకపోవడం నా పద్ధతి. తమ్ముడికి చేస్తే అతను ముఖలింగం జాతరకు పోతూ ఫోను ఇంట్లో వదిలేశాడు. టెక్కలి వాళ్ల ఊరికి పదిహేను కిలోమీటర్ల లోపే, ఆటో దొరుకుతుంది, అక్కడ డాక్టరున్నాడు. ఆమె అక్కడికి వెళ్లలేదు. వంద కిలోమీటర్లు నా దగ్గరికి వచ్చింది, కాగితం కోసం.

టెక్కలి వైపు పనిచేసే డాక్టరు నాకు జూనియర్. అతనికి 9.25కు ఫోన్ చేసి వెంటనే నౌపడలో వాళ్ల పాకకు బయలుదేరమన్నాను. గర్భసంచిలో చీము చేరే జబ్బు అది. ద్వారం తెరుచుకుని చీము బయటికి వస్తుంటే రెండు మూడు రోజుల వ్యవధి ఉంటుంది. సంచి తీసేస్తే బతుకుతుంది. ఆ వ్యవధి దాటితే విషం రక్తంలోకి ఎక్కుతుంది. కారు మాట్లాడి దాలమ్మను ఎక్కమన్నాను. ఆమె ఎక్కలేదు.

"కాయితమేదమ్మా? అది నేకుండా ఆ డాట్రుబాబు ముట్టుకోడు గదా."

ఫోనులో చెప్పానని, అక్కర్లేదని అన్నాను. నమ్మలేదు. తిరిగి లోపలికి వెళ్లి, అనుమతి ఇవ్వడమైనదని నాలుగు వరుసలు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఆమె చేతికిచ్చాను. నాలుగు నిమిషాలు పట్టింది. 9.50కి బయలుదేరాం.

శ్రీకాకుళం దాటాం. నేనే అడిగాను, అంత జబ్బుగా ఉంటే టెక్కలి ఎందుకు తీసుకువెళ్లలేదని. నా గొంతు కొంచెం కటువుగానే ఉండి ఉంటుంది.

"నాదైతే శనారమే బుజానేసుకుని పోదును. మీది గదా. రాసుకున్నారు గదా, ఏలిముద్ర ఏయించుకున్నారు గదా. నాను ఏటైనా సేస్తే, సచ్చిపోతే, డాట్రమ్మ కుక్కని సంపీసినామని మమ్మల్ని టేసనుకి అట్టుకుపోరా? మా సూరిగాడి ఉజ్జోగం ఉంటాదా?" అంది. తరవాత, "ఉప్పు కూడా పుచ్చుకోనేదు మీరు" అంది.

డ్రైవరును ఇంకొంచెం వేగంగా పోనిమ్మన్నాను.

12.50కి గట్టు దగ్గర దిగాం. డాక్టరు 10.40కే వచ్చాడు. అప్పటికే ఒంటి వేడి 97 డిగ్రీలకు పడిపోయింది, కుక్కకు 101 పైన ఉండాలి. కోయడానికి వీలులేని స్థితి. సెలైను ఎక్కిస్తుండగా 12.35కు పోయింది. గోనెసంచుల మీద పడుకోబెట్టి, దాలమ్మ పాత చీర కప్పి ఉంచారు. దాలమ్మ పక్కన కూర్చుని చేతిలోని కాగితాన్ని మడిచి, చీర కింద పెట్టింది. కొంతసేపటికి గురవయ్య నా దగ్గరికి వచ్చి తలపాగా తీసి అడిగాడు:

"అమ్మగోరూ, పాతడానికి కూడా కాయితం కావాలేటండి?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నిజంగానే కావాలి కూడా. కేసు సొత్తు కాబట్టి శవపరీక్ష చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో కోర్టుకు నివేదిక పంపాలి. అక్కడే గట్టు మీద టార్పాలిన్ పరిచి నేనే చేశాను. గర్భసంచి చీముతో కలిపి 3 కిలోల 100 గ్రాములు తూగింది. మిగతా అవయవాలు బాగానే ఉన్నాయి. శనివారం కోసి ఉంటే బతికేదని నా అభిప్రాయం, నివేదికలోనూ అలాగే రాశాను. ఆలస్యానికి కారణం అనే గడిలో "ఒప్పంద పత్రం, షరతు 3" అని రాశాను. పైఅధికారి ఆ గడి ఖాళీగా వదిలేసి ఉండాల్సిందని తరవాత ఫోనులో అన్నారు. నేను మార్చలేదు.

సాయంత్రం 4 గంటలకు పాతిపెట్టారు.

మార్చి 9 నుంచి 16 వరకు ఎనిమిది రోజుల్లో మిగిలిన పదిహేడు ఇళ్లకూ వెళ్లాను. మూడో షరతు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, "జబ్బు చేస్తే దగ్గర్లోని పశువైద్యుని దగ్గరికి వెంటనే తీసుకువెళ్లాలి, తరవాత తెలియజేయాలి" అని రాశాను. నా సొంత ఫోను నంబరు వేశాను. ఈ కుక్క కోర్టు కాదన్నదాకా మీదేనని నోటితోనూ చెప్పాను. ఎవరైనా ఏదైనా చేతిలో పెట్టి తీసుకుంటామంటే వద్దనలేదు. ఆరు ఇళ్లలో పెట్టారు: మానెడు బియ్యం, కొబ్బరికాయ, గుప్పెడు జీడిపప్పు, అలాంటివి. తిరిగి వచ్చాక ఆ జాబితా పైఅధికారికి లేఖగా పంపాను. ఆయన దాని మీద ఏ చర్యా తీసుకోలేదు.

అందరూ సంతోషించలేదు. రెండు ఇళ్లలో షరతు కొట్టేయగానే కుక్కను తిరిగి ఇచ్చేశారు. అందులో ఒకాయన మా సంఘంవారే. "గవర్నమెంటుది, ఏటైనా అయితే మీరు సూసుకుంటారు అనుకునే ఉంచినామండి. మాదంటే మందులూ మాకులూ ఎవులు సూస్తారు?" అన్నారు. ఆ రెండూ లాబ్రడార్ ఆడకుక్కలు, ఎనిమిదో నంబరు, పదిహేడో నంబరు. నాకు రెండు రోజులే మిగిలాయి. పాస్టరుగారు స్వయంగా ఏడిళ్లు తిరిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. క్వార్టర్సులో నేనే ఉంచుకుంటానని దరఖాస్తు పెట్టాను. ఇళ్లకు ఇచ్చి తనిఖీ చేసే అధికారి, పెంచుకునే మనిషి ఒకరే కావడం కుదరదని కోర్టు తోసిపుచ్చింది. సరైన మాటే.

18వ తేదీ శుక్రవారం పదిహేను కుక్కలకు ఇళ్లున్నాయని ఫొటోలతో సహా చూపించాను. ఆ పదిహేనూ అక్కడే ఉండాలని కోర్టు చెప్పింది. ఎనిమిది, పదిహేడు యజమానికి పోయాయి. ఏప్రిల్ 2న ఆ తోటకు వెళ్లి చూస్తే షెడ్డు ఖాళీగా ఉంది. అమ్మేశానన్నాడు, ఎవరికో చెప్పలేదు. దాలమ్మకు మరో కుక్కను ఇస్తానని అప్పలసూరితో కబురు చేశాను. వద్దంది.

నేను 2018 జూన్ 30న పదవీ విరమణ చేశాను. ఈ ఉదంతం నాకు నేర్పినది ఇది: షరతును మనం అతిక్రమించేవాళ్లను తలుచుకుని రాస్తాం, దాని బరువు పడేది అక్షరాలా పాటించేవాళ్ల మీద. కాబట్టి ఏ షరతు రాసినా, ఆఫీసు మూసి ఉన్న రోజున ఆ మనిషి ఏం చేయాలో దాని కిందనే రాయాలి. అది రాయలేకపోతే ఆ షరతు పెట్టకూడదు. ఇక ఒక జీవాన్ని చూసుకోమని ఇచ్చి, దాని మీద నిర్ణయాలు మాత్రం మన దగ్గరే ఉంచుకుంటే, మంచివాళ్లు మన కోసం ఎదురుచూస్తారు, మిగతావాళ్లు మన మీద వదిలేస్తారు. రెండూ నేను చూశాను.

షెడ్డులో దొరికినవి ఇరవై ఒకటి. పిల్లలు రెండు, ఫిబ్రవరి 10న ఒకటి, 11న ఒకటి. పొమరేనియన్ ఒకటి, ఫిబ్రవరి 23న. పద్నాలుగో నంబరు, మార్చి 8న. ఎనిమిది, పదిహేడు నంబర్లు, మార్చి 18న. పోయినవి మొత్తం ఆరు.